ఓవెన్‌లో చిలగడదుంప: తీపికీ కరకరకీ మధ్య పోటీ

ఆలుగడ్డ ఫ్రైస్ చక్కగా చేసేవారు కూడా చిలగడదుంప దగ్గరకు వచ్చేసరికి తడబడతారు. అదే మందంలో కోసి, అంతే నూనె రాసి, అదే ఓవెన్‌లో అంతసేపే ఉంచినా ఫలితం వేరుగా ఉంటుంది. అంచులు నల్లబడతాయి. మధ్యభాగం హల్వాలా మెత్తగా ఉండిపోతుంది. చేత్తో పట్టుకుంటే ముక్క వంగిపోతుంది. ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే కరకరలాడుతుందేమోనని చూస్తే మాడు వాసన వస్తుందే తప్ప కరకర రాదు. తప్పు ఓవెన్‌దేనని చాలామంది అనుకుంటారు. నిజానికి కారణం దుంప లోపలే ఉంది. వేడి తగలగానే చిలగడదుంప తన పిండిని తానే చక్కెరగా మార్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ చక్కెర రంగునూ తీపినీ త్వరగా తెస్తుంది, కరకరను మాత్రం ఆలస్యం చేస్తుంది. ఇంట్లో మసాలా చిలగడదుంప ఫ్రైస్ బాగా కుదరాలంటే ఈ పోటీని అర్థం చేసుకుంటే చాలు. రుచితో పాటు ఆరోగ్యానికి సంబంధించిన రెండు మూడు సంగతులు కూడా దీనితోనే ముడిపడి ఉన్నాయి.

పేరులో దుంప, పుట్టుకలో వేరు

కోస్తా జిల్లాల్లో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ, మోరంగడ్డ, రత్నపురిగడ్డ అని దీనికి చాలా పేర్లు ఉన్నాయి. మహాశివరాత్రి ఉపవాసం నాడు ఉడికించి తినే గడ్డగానే చాలా ఇళ్లలో దీనికి గుర్తింపు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు దీని పుట్టిల్లు. పోర్చుగీసు వర్తకుల రాకపోకలతో మన దేశానికి చేరింది.

ఆలుగడ్డకూ దీనికీ బంధుత్వం లేదు. ఆలుగడ్డది వంకాయ, టమాటా, మిరప కుటుంబం. చిలగడదుంపది చెరువుల్లో పెరిగే తూటికూర, పెరట్లో పాకే కాశీరత్నం తీగల కుటుంబం. గరాటు ఆకారంలో ఉండే దాని పువ్వు చూస్తే ఆ పోలిక తెలిసిపోతుంది. ఆలుగడ్డ నేలలోపల ఉబ్బిన కాండం. దాని మీద కనిపించే కళ్లు మొగ్గలే. చిలగడదుంప ఉబ్బిన వేరు. రెండింటిలోనూ నాలుగింట మూడు వంతులకు కాస్త అటూ ఇటూగా నీరే ఉంటుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పిండిపదార్థం. తేడా చక్కెరల్లో ఉంది. 100 గ్రాముల పచ్చి ఆలుగడ్డలో చక్కెరలు సాధారణంగా ఒక గ్రాము లోపే ఉంటాయి. చిలగడదుంపలో రకాన్ని బట్టి రెండు నుంచి ఐదు గ్రాముల దాకా ఉంటాయి. అది పచ్చి దుంప లెక్క. వండేటప్పుడు ఆ అంకె ఇంకా పెరుగుతుంది.

దుంపలో దాగిన ఎంజైమ్

చిలగడదుంపలో బీటా-అమైలేజ్ అనే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది. పిండిపదార్థం అంటే గ్లూకోజ్ అణువులు పూసల్లా ఒకదానికొకటి అతుక్కున్న పొడవైన గొలుసు. బీటా-అమైలేజ్ ఆ గొలుసును ఒక చివర నుంచి పట్టుకుని రెండేసి పూసల చొప్పున తెంపుతూ పోతుంది. అలా తెగిన జంటే మాల్టోజ్ అనే చక్కెర. మొలకెత్తిన బార్లీని ఎండబెట్టి చేసే మాల్ట్ నుంచి దానికి ఆ పేరు వచ్చింది. రాగులను మొలకెత్తించి చేసిన రాగి మాల్ట్‌లో కమ్మటి తీపి ఉండటానికి కూడా ఇలాంటి ఎంజైములే కారణం.

అయితే పచ్చి దుంపలో ఈ ఎంజైమ్ పెద్దగా ఏమీ చేయలేదు. అక్కడ పిండి గట్టి రేణువులుగా బిగుసుకుని ఉంటుంది. వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ రేణువులు చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుని ఉబ్బి, గంజిలా జిగటగా మారతాయి. అప్పుడు గొలుసుల చివరలు ఎంజైముకు అందుతాయి. వేడి 80 డిగ్రీలు దాటితే ఎంజైమ్ దెబ్బతిని పని ఆపేస్తుంది. అంటే సుమారు 60 నుంచి 80 డిగ్రీల మధ్య దుంప ఎంతసేపు ఉంటే అంత మాల్టోజ్ తయారవుతుంది. పచ్చి దుంపలో దాదాపు కనిపించని మాల్టోజ్ వండిన దుంపలో ప్రధాన చక్కెరల్లో ఒకటిగా మారేది ఇందుకే.

వంటింటి అనుభవాలు కొన్ని దీనితో తేటపడతాయి. పొయ్యి ఆర్పాక మిగిలిన వేడి బూడిదలో కప్పిపెట్టిన దుంప అంత తియ్యగా ఎందుకుంటుంది? అది నెమ్మదిగా వేడెక్కుతూ ఆ 60–80 డిగ్రీల మధ్య చాలాసేపు గడుపుతుంది. మైక్రోవేవ్‌లో ఐదారు నిమిషాల్లో ఉడికించిన దుంప చప్పగా ఎందుకుంటుంది? ఎంజైముకు పని చేసే వ్యవధే దొరకదు. దుంప ఒకటే అయినా వేడెక్కిన వేగం మారితే రుచి మారుతుంది.

ఉపవాసపు దుంపకు ఈ తీపి వరం. ఫ్రైస్‌కు మాత్రం ఇబ్బంది తెస్తుంది. కరకరలాడే పొర ఏర్పడాలంటే పిండి కావాలి. ముక్క పైభాగంలో ఉబ్బిన పిండి తర్వాత ఎండి పెళుసైన పొరగా గట్టిపడాలి. ఆ పిండిలో కొంత చక్కెరగా మారిపోతే పొర పలచనవుతుంది. పైగా చక్కెరకు తేమను పట్టుకునే గుణం ఉంది. వానాకాలంలో మూత సరిగా పెట్టని బెల్లం చెమర్చినట్లే, చక్కెర నిండిన పొర కూడా తేమ పీల్చి మెత్తబడుతుంది. కాబట్టి ఫ్రైస్ చేసేటప్పుడు లక్ష్యం తలకిందులవుతుంది. దుంపను సన్నని ముక్కలుగా కోసి, బాగా కాలిన ఓవెన్‌లో పెట్టి, ఆ 60–80 డిగ్రీల దశను వీలైనంత త్వరగా దాటించాలి.

నీరు వెళ్లేదాకా రంగు రాదు

ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపు ఓవెన్ ఎంత వేడిగా ఉన్నా ఆ భాగం 100 డిగ్రీలకు మించి పెద్దగా వేడెక్కదు. వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పైపొర ఎండిన తర్వాతే అక్కడి వేడి పైకి ఎగబాకుతుంది. సుమారు 140 డిగ్రీల దగ్గర చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి గోధుమ రంగునూ వేయించిన వాసననూ ఇచ్చే చర్యలు జోరందుకుంటాయి. వీటిని మెయిలార్డ్ చర్యలు అంటారు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మెయిలార్డ్ 1912లో వీటిని వివరించాడు. రొట్టె పైపెంకు, వేయించిన కాఫీ గింజ, కాల్చిన మొక్కజొన్న పొత్తు, అన్నింటి వాసనల వెనుకా ఇవే ఉన్నాయి.

ఆలుగడ్డలో చక్కెర తక్కువ కాబట్టి రంగు నెమ్మదిగా వస్తుంది, ఈలోగా పొర గట్టిపడుతుంది. చిలగడదుంపలో చక్కెర ఎక్కువ కాబట్టి ముందుగా ఎండిన అంచులు, కొసలు వెంటనే రంగు తిరిగిపోతాయి. అప్పటికి మధ్యభాగంలో నీరు ఇంకా అలాగే ఉంటుంది. ‘రంగు వచ్చింది, అయిపోయినట్టే’ అనే ఆలుగడ్డ లెక్క ఇక్కడ పనికిరాదు.

ట్రే కిక్కిరిసి ఉంటే సమస్య ఇంకా పెరుగుతుంది. ముక్కల నుంచి వచ్చే ఆవిరి బయటకు పోయే దారి లేక వాటి మధ్యే తిరుగుతుంది. అప్పుడు ఓవెన్ ఇడ్లీ పాత్రలా మారి ముక్కలు వేగకుండా ఉడుకుతాయి. ఇళ్లలో వాడే చిన్న ఓటీజీ ఓవెన్లలో ఇది తరచూ జరిగే పొరపాటు. అరకిలో దుంపలు ఒకే ట్రేలో కుక్కే బదులు రెండు విడతలుగా చేయడం మేలు.

చేసే పద్ధతి, దాని వెనుక కారణం

నలుగురికి అరకిలో దుంపలు సరిపోతాయి. గట్టిగా, ముడతలు లేకుండా, సాధ్యమైనంత తిన్నగా ఉన్నవి ఎంచుకోవాలి. తొక్క తీసి సుమారు ఒక సెంటీమీటరు మందం ఉండే పొడవాటి ముక్కలుగా కోయాలి. ఇక్కడ ఓపిక కావాలి. కొసలు సన్నగా ఉన్న ముక్క కొస దగ్గర మాడి మధ్యలో పచ్చిగా ఉంటుంది. అందుకే కోణం తిరిగిన కొసలను తీసి కూరలో వేసుకోవడమే నయం. కోసిన చోట పాలలాంటి జిగురు కనిపిస్తుంది. అది గాలి తగిలి నల్లబడి చేతికీ కత్తికీ అంటుకుంటుంది. హానికరం కాదు, కడిగితే పోతుంది.

కోసిన ముక్కలను చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టాలి. కత్తి తగిలి తెగిన కణాల్లోని పిండి, చక్కెరలు నీటిలోకి దిగిపోతాయి. అంచులు తొందరగా మాడకుండా ఇది కొంత ఆపుతుంది. గాలి తగలకపోవడం వల్ల ముక్కలు నల్లబడవు కూడా. తర్వాత నీళ్లు వంపేసి, ముక్కలను పొడిబట్ట మీద పరిచి బాగా తుడిచి, పది నిమిషాలు ఫ్యాను కింద ఆరనివ్వాలి. పైన మిగిలిన ప్రతి తడి చుక్కనూ ఓవెన్ ముందు ఆవిరి చేయాల్సి వస్తుంది. ఈ పది నిమిషాలు ఎగ్గొట్టేవారే ఎక్కువ.

తరువాతి మెట్టు పిండి పూత. దుంప తన పైపొరలోని పిండిని కొంత పోగొట్టుకుంది కాబట్టి బయటి నుంచి కొంత అందించాలి. అరకిలో ముక్కలకు ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్ చాలు. దుకాణాల్లో మొక్కజొన్న పిండి అంటే రొట్టెలకు వాడే పసుపురంగు పిండి ఇస్తారు, ఇక్కడ కావలసింది అది కాదు. పట్టుకుంటే కిర్రుమనే మెత్తటి తెల్లటి పొడి కావాలి. అది లేకపోతే బియ్యప్పిండి వాడొచ్చు. పకోడీ కరకరలాడటానికి శనగపిండిలో బియ్యప్పిండి కలిపే అలవాటు తెలుగిళ్లలో ఉన్నదే. ఇక్కడా పని అదే. ఈ పొడి ముక్క పైన మిగిలిన తేమను పీల్చుకుని, వేడికి ఉబ్బి, తర్వాత ఎండి పలుచని గాజుపొరలా బిగుస్తుంది. దానిలో దుంప చక్కెర తక్కువ కాబట్టి తొందరగా మాడదు.

పూత తర్వాత ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల వేరుశనగ నూనె వేసి, ఏ ముక్క మీదా తెల్లటి పొడి మిగలకుండా చేత్తో కలపాలి. నూనె తగలని పిండి వేగదు, సుద్దలా నాలుకకు తగులుతుంది. నూనె చేసే పని ఇంకొకటి ఉంది. గాలి వేడిని నెమ్మదిగా అందిస్తుంది. 175 డిగ్రీల నూనె ముక్కను వేడెక్కించినంత వేగంగా 220 డిగ్రీల గాలి వేడెక్కించలేదు. ముక్క చుట్టూ ఉండే పలుచని నూనె పొర ట్రే వేడినీ గాలి వేడినీ ముక్కకు సమానంగా అందేలా చేస్తుంది. మూకుడులో ముంచి వేయించినప్పుడు ఆవిరి వదిలివెళ్లిన ఖాళీల్లోకి, ముఖ్యంగా బయటకు తీశాక చల్లారేటప్పుడు, నూనె చేరుతుంది. ఓవెన్‌లో కలిపినంత నూనె మాత్రమే ఉంటుంది. ఆ లాభం కోసం కరకరలో కొంత వదులుకోవాల్సిందే. ఓవెన్ ఫ్రైస్ మూకుడు ఫ్రైస్‌తో పూర్తిగా సమానం కావు.

ఓవెన్‌ను 220 డిగ్రీలకు ముందే వేడి చేయాలి, ఖాళీ ట్రేను కూడా లోపలే ఉంచాలి. వేడి ట్రే మీద పడగానే ముక్క అడుగు ఎండడం మొదలవుతుంది. బేకింగ్ కాగితం వాడితే దాని డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత పరిమితి చూసుకోవాలి. కొన్ని రకాలు ఇంత వేడికి తట్టుకోవు. ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసలో పరచి 15 నిమిషాలు ఉంచాలి. తర్వాత తలుపు తెరవగానే బయటకు వచ్చే ఆవిరిని పోనిచ్చి, ముక్కలను తిరగేసి, ట్రేను కూడా ముందువైపు వెనక్కి తిప్పి పెట్టాలి. చాలా ఓటీజీల్లో వెనుక భాగం ఎక్కువ కాలుతుంది. మరో 8 నుంచి 12 నిమిషాలకు అంచులు లేత బంగారు గోధుమ రంగుకు వస్తాయి. అక్కడ స్విచ్ ఆపి, తలుపు కొద్దిగా తెరిచి, ఐదు నిమిషాలు లోపలే వదలాలి. రంగు పెరగకుండా చివరి తేమ పోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

ఎయిర్ ఫ్రయర్ అంటే ఫ్యాను బలంగా తిరిగే చిన్న ఓవెనే. తేమ గాలిని ఎప్పటికప్పుడు తోసేస్తుంది కాబట్టి 190–200 డిగ్రీలు సరిపోతాయి, సమయం కూడా తగ్గుతుంది. బుట్టలో సగానికి మించి నింపకూడదు.

మసాలా ఎప్పుడు వేయాలి

వంటకాల పుస్తకాల్లో మసాలా మొత్తం ముందే కలిపేయమని ఉంటుంది. 220 డిగ్రీల దగ్గర అది అంత మంచి సలహా కాదు. కారం, వెల్లుల్లి పొడి లాంటివి మెత్తటి పొడులు, వాటిలోనూ చక్కెరలు ఉంటాయి. ముక్క కంటే ముందే అవి మాడి చేదెక్కుతాయి. ఎండుమిరపకాయలు పోపులో మాడినప్పుడు ఇల్లంతా దగ్గు పట్టినట్టే, కారం ఎక్కువైన ట్రే ఉన్న ఓవెన్ తలుపు తెరిచినా అవుతుంది.

మసాలాలోని పదార్థాల స్వభావాన్ని బట్టి వాటిని రెండుగా విడదీయడం తెలివైన పని. మిరపలోని కారానికి మూలమైన క్యాప్సైసిన్, పసుపులోని కర్కుమిన్ నూనెలో కరుగుతాయి, త్వరగా ఆవిరి కావు. కాబట్టి పావు టీస్పూను పసుపు, పావు టీస్పూను కారం ముందే నూనెలో కలపవచ్చు. నూనె వాటిని ముక్క అంతటికీ సమంగా పంచుతుంది. జీలకర్ర, ధనియాలు, మిరియాల వాసన మాత్రం తేలిగ్గా ఆవిరయ్యే నూనెల్లో ఉంటుంది. అరగంట ఓవెన్‌లో ఉంటే ఆ వాసన గదిలోకి పోతుంది, ముక్కలో మిగలదు. అందుకే వేయించి దంచిన జీలకర్ర పొడి, ధనియాల పొడి అర టీస్పూను చొప్పున, కొద్దిగా మిరియాల పొడి, మరికాస్త కారం ట్రే బయటకు తీయగానే చల్లాలి. అప్పటి వేడికి పైనున్న నూనె పొడిని పట్టేసుకుంటుంది, వాసన లేస్తుంది.

ఉప్పు కూడా చివరనే. ముందే కలిపితే ద్రవాభిసరణ వల్ల ముక్కలోంచి నీరు పైకి ఊరుతుంది. దోసకాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు దిగడం చూసినవారికి ఇది కొత్త కాదు. అంతకుముందు తుడిచిన శ్రమంతా వృథా అవుతుంది. ఆమ్‌చూర్, నిమ్మరసం, చాట్ మసాలా లాంటి పులుపులకు మరో కారణం ఉంది. ఆమ్లం మెయిలార్డ్ చర్యలను నెమ్మదింపజేస్తుంది. చాట్ మసాలాలోని నల్లుప్పు వాసన గంధకపు ఆవిరుల వల్ల వచ్చేది, ఎక్కువ వేడికి నిలవదు. నిమ్మరసం అయితే ప్లేటులో, తినే క్షణానే పిండుకోవాలి. కరివేపాకు కారం, నువ్వుల పొడి ఇంట్లో ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి అవే చల్లినా దుంప తీపికి బాగా నప్పుతాయి.

రంగు దగ్గర ఆగాల్సిన కారణం

గోధుమ రంగు దాటి ముదురు రంగు దాకా వెళ్లకూడదనడానికి రుచి ఒక్కటే కారణం కాదు. పిండి ఎక్కువగా ఉండే శాకాహార పదార్థాలను 120 డిగ్రీలకు మించి వేయించినప్పుడో కాల్చినప్పుడో ఆక్రిలమైడ్ అనే రసాయనం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి చక్కెరలు కలిసినప్పుడు ఇది పుడుతుంది. అంటే రంగును, వాసనను ఇచ్చే ఆ మెయిలార్డ్ చర్యల్లోనే ఇదీ ఒక శాఖ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్‌కు దారితీయడానికి అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. జంతువులపై ఆధారాలు స్పష్టంగా ఉన్నాయి. ఆహారం ద్వారా మనుషులకు ఎంత ముప్పు అన్నదానిపై అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు. అయినా 2017లో ఐరోపా సమాఖ్య ఫ్రెంచ్ ఫ్రైస్, చిప్స్, బిస్కెట్లలో ఆక్రిలమైడ్‌కు ప్రమాణ స్థాయులను నిర్దేశించింది.

నెలకోసారి చేసుకునే ఫ్రైస్ గురించి భయపడాల్సింది ఏమీ లేదు. కానీ చక్కెర ఎక్కువున్న దుంప కాబట్టి చిలగడదుంపలో ఈ జాగ్రత్తకు విలువ ఎక్కువ. ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. రుచి కోసం చేసే పనులే దీన్ని కూడా తగ్గిస్తాయి. నానబెట్టడం వల్ల పైనున్న చక్కెర, ఆస్పరాజిన్ కొంత కడుక్కుపోతాయి. లేత బంగారు రంగు దగ్గర ఆపేసి మిగిలిన ఆరబెట్టే పనిని ఆర్పిన ఓవెన్‌కు వదిలేయడం వల్ల ఎక్కువ వేడిలో ఉండే సమయం తగ్గుతుంది. మాడిన కొసలను ఏరి పారేయాలి.

తెల్లదా, నారింజ రంగుదా?

మన సంతల్లో ఎక్కువగా దొరికేది ఎర్రటి తొక్క, తెల్లటి లేదా లేత పసుపు గుజ్జు ఉన్న రకం. ఇందులో పిండి, ఘనపదార్థం ఎక్కువ, నీరు తక్కువ. ఉడికిస్తే పొడిపొడిగా ఉంటుంది. అమెరికాలో ప్రచారంలో ఉన్న వంటకాలు చాలావరకు నారింజ రంగు గుజ్జు ఉండే, తడి ఎక్కువైన రకాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిని అక్షరాలా అనుసరిస్తే మన తెల్ల దుంప ఎండిపోయి గట్టిపడవచ్చు. తెల్ల రకానికి పిండి పూత సగానికి తగ్గించి, రెండు మూడు నిమిషాలు ముందే తీయవచ్చు. కరకర ఒక్కటే కావాలంటే గెలుపు తెల్లదానిదే.

అయితే నారింజ రంగుకు మరో విలువ ఉంది. ఆ రంగు బీటా-కెరోటిన్‌ది. శరీరం దాన్ని విటమిన్ ఏగా మార్చుకుంటుంది. ఆ విటమిన్ లోపిస్తే పిల్లల్లో రేచీకటి, అంటువ్యాధులను తట్టుకోలేని బలహీనత వస్తాయి. తిరువనంతపురంలో 1963లో ఏర్పడిన కేంద్రీయ దుంప పంటల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన ‘భూ సోనా’ రకంలో 100 గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా-కెరోటిన్ ఉంటుంది. వాడుకలో ఉన్న రకాల్లో అది రెండు మూడు మిల్లీగ్రాములే. అదే సంస్థ నుంచి వచ్చిన ఊదారంగు ‘భూ కృష్ణ’లో ఆంథోసయనిన్లు ఎక్కువ. నేరేడు పండుకు రంగునిచ్చేవి ఈ కోవకు చెందినవే. 12 మైక్రోగ్రాముల బీటా-కెరోటిన్ ఒక మైక్రోగ్రాము విటమిన్ ఏతో సమానమన్న వాడుక లెక్క ప్రకారం చూస్తే, 100 గ్రాముల భూ సోనా సుమారు 1,160 మైక్రోగ్రాముల విటమిన్ ఏకు సమానం. వంటలో కొంత పోయినా చిన్నపిల్లల రోజువారీ అవసరానికి మించే మిగులుతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. దక్షిణాఫ్రికాలో బడి పిల్లలకు రోజూ 125 గ్రాముల ఉడికించిన నారింజ చిలగడదుంపను 53 బడి రోజులు పెట్టి చూస్తే వారి కాలేయంలో విటమిన్ ఏ నిల్వలు మెరుగుపడ్డాయి. ఇలాంటి దుంపలను ఆఫ్రికా రైతులకు చేర్చిన మారియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో 2016లో ప్రపంచ ఆహార బహుమతిని అందుకున్నారు. పంటల్లోనే పోషకాలు పెంచే ఉద్యమానికి ఆద్యుడైన హోవర్త్ బూయీతో కలిసి వారికి ఆ గౌరవం దక్కింది.

బీటా-కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది. కాస్త నూనె లేకుండా తింటే పేగులు దాన్ని సరిగా పీల్చుకోలేవు. కాబట్టి ఫ్రైస్‌కు పట్టించిన ఆ ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల నూనె పోషకాన్ని మోసుకెళ్లే వాహనం కూడా. నారింజ రకంలో నీరు ఎక్కువ కనుక అది కొద్దిగా మెత్తగానే ఉంటుంది. దానికి పిండి పూత పూర్తిగా వేసి, ముక్కలను ఇంకాస్త సన్నగా కోసుకోవాలి. పిల్లల ప్లేటులో ఆ మెత్తదనాన్ని ఒప్పుకోవచ్చు.

షుగర్ ఉన్నవారు చూడాల్సిన సంగతి

‘ఆలుగడ్డ వద్దు, చిలగడదుంప తినొచ్చు’ అన్న మాట మధుమేహం ఉన్న ఇళ్లలో తరచూ వినబడుతుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే. కాబట్టి ఆ మాట ఎంత నిజమో చూడాలి. తిన్న పదార్థం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో తెలిపేది గ్లైసీమిక్ సూచిక. 55 లేదా అంతకన్నా తక్కువైతే నెమ్మది, 70 లేదా అంతకన్నా ఎక్కువైతే వేగం. జమైకాలో పది రకాల చిలగడదుంపల మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో ఉడికించిన దుంపలకు ఈ సూచిక 41 నుంచి 50 వరకు వచ్చింది. నూనెలో వేయించిన వాటికి 63 నుంచి 77. ఓవెన్‌లో కాల్చిన అవే రకాలకు 82 నుంచి 94.

అంటే ఉడికించిన చిలగడదుంపకు ఉన్న మంచిపేరును ఓవెన్‌లో కాల్చినదానికి తగిలించకూడదు. పొడి వేడిలో ఎక్కువసేపు ఉన్నప్పుడు పిండి రేణువుల నిర్మాణం బాగా విడిపోయి, జీర్ణరసాలకు తేలిగ్గా లొంగేలా తయారవుతుంది. ఎంజైమ్ చేసిన మాల్టోజ్ కూడా తోడవుతుంది. సన్నని ముక్కలను వేగంగా కాల్చే ఫ్రైస్ పద్ధతిలో ఆ ఎంజైముకు సమయం తక్కువే దొరుకుతుంది. అయినా వాటిని నిర్భయంగా తినదగినవని చెప్పడానికి అది చాలదు. షుగర్ ఉన్నవారు గుప్పెడు ముక్కలతో ఆపి, పక్కన పెరుగు, ఉడికించిన శనగలు లాంటివి పెట్టుకుంటే రక్తంలోకి చక్కెర చేరే వేగం కాస్త తగ్గుతుంది. అలాంటి ఇళ్లలో శివరాత్రి నాటి ఉడికించిన గడ్డే మెరుగైన ఎంపిక.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

దుంప మీద సన్నటి రంధ్రాలు, కోస్తే లోపల నల్లటి సొరంగాలు కనిపిస్తే అది ముక్కుపురుగు పని. పురుగు తొలిచిన చోట దుంప తన రక్షణ కోసం చేదు రసాయనాలను తయారుచేసుకుంటుంది. అవి వండినా పోవు, ఆరోగ్యానికీ మంచివి కావు. ఆ చేదు చుట్టూ ఉన్న భాగానికి కూడా పాకుతుంది, కాబట్టి అలాంటి దుంపను పారేయడమే మంచిది.

కొన్న దుంపలను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఉష్ణమండల పంట కావడం వల్ల 12 డిగ్రీల కంటే తక్కువ చలిని దాని కణాలు తట్టుకోలేవు. లోపల గోధుమ రంగు మచ్చలు వస్తాయి, ఎంత ఉడికించినా మధ్యభాగం గట్టిగానే ఉండిపోతుంది. గాలి తగిలే బుట్టలో, ఎండ పడని మూల ఉంచితే చాలు. పొలం నుంచి తాజాగా వచ్చిన దుంప కంటే కొన్నాళ్లు నిల్వ ఉన్న దుంపలో చక్కెర ఎక్కువ ఉంటుంది. అది ఉడికించి తినడానికి బాగుంటుంది. ఫ్రైస్‌కు తాజా దుంపలే నయం.

చేసిన ఫ్రైస్‌కు ఆయుష్షు తక్కువ. మధ్యలో మిగిలిన నీరు పది పదిహేను నిమిషాల్లో పైపొరలోకి చేరి దాన్ని మెత్తబరుస్తుంది. గిన్నెలో పోసి మూత పెడితే ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకే వాటిని తీగల జాలీ మీద, విడివిడిగా ఉంచాలి. మిగిలినవాటిని మర్నాడు మైక్రోవేవ్‌లో వేడి చేస్తే లోపలి నీరంతా ఆవిరై పొరలోకి వచ్చి తడిగుడ్డలా తయారవుతాయి. 200 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు ఉంచితే చాలావరకు మళ్లీ కరకరలాడతాయి. ఓవెన్ వేయడం దండగనిపిస్తే పెనం మీద, నూనె లేకుండా, చిన్న మంట మీద తిప్పుతూ వేడి చేసినా పని జరుగుతుంది.